కాలేయం, ఆహారం, పేగు బ్యాక్టీరియా

మనం తిన్న ఆహారం రెండు దారుల్లో కాలేయానికి చేరుతుంది. చిన్నపేగులో అరిగి, చక్కెరగానూ ఆమైనో ఆమ్లాలుగానూ రక్తంలో కలిసేది మొదటి దారి. అక్కడ అరగనిది పెద్దపేగు దాకా వెళ్లి, బ్యాక్టీరియా చేతిలో విరిగి, పులిసి, వేరే పదార్థాలుగా మారి రక్తంలోకి ఎక్కుతుంది. అది రెండో దారి. వైద్యశాస్త్రం చాలాకాలం మొదటి దారినే చూసింది. కాలేయానికి కొవ్వు పట్టడంలో, అది వాయడంలో, గట్టిపడడంలో రెండో దారి పాత్ర ఎంతటిదో గడచిన రెండు మూడు దశాబ్దాల పరిశోధనల వల్లనే స్పష్టమైంది. పేగుకూ కాలేయానికీ మధ్య సాగే ఈ రాకపోకలను వైద్యులు గట్–లివర్ యాక్సిస్ అంటున్నారు.

లోపలి అవయవాల్లో అతి పెద్దది కాలేయం. పెద్దవాళ్లలో కిలోన్నర దాకా తూగుతుంది. మిగతా అవయవాలకు గుండె నుంచి వచ్చే ధమనుల రక్తమే ఆధారం. కాలేయం సంగతి వేరు. దానికి అందే రక్తంలో దాదాపు నాలుగింట మూడు వంతులు పొట్ట, పేగులు, ప్లీహం, క్లోమం నుంచి పోగై ఒక పెద్ద సిర గుండా వస్తుంది. పాఠ్యపుస్తకాల్లో దాని పేరు కాలేయ నిర్వాహక సిర, ఆస్పత్రిలో అందరూ అనేది పోర్టల్ వెయిన్. కొవ్వులో ఎక్కువ భాగం శోషరస నాళాల దారిన వేరుగా పోతుంది. మిగిలిన ఆహార సారమంతా, దానితోపాటు బ్యాక్టీరియా తయారుచేసిన మంచీ చెడూ, ఈ సిరలోనే వస్తాయి. ఒంట్లో మరెక్కడికీ పోకముందే వాటిని ఎదుర్కొనేది కాలేయం. పేగులో ఏ తేడా వచ్చినా దాని దెబ్బ ముందు కాలేయానికి తగలడానికి కారణం ఇదే.

కుక్కల మీద తెలిసిన నిజం

ఈ సిరను దారి మళ్లిస్తే ఏమవుతుందో 1877లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నికొలాయ్ ఎక్ అనే సైనిక శస్త్రవైద్యుడు ప్రయత్నించి చూశాడు. పోర్టల్ సిరను కాలేయానికి పోనివ్వకుండా, గుండెకు వెళ్లే మహాసిరకు కలిపి కుట్టాడు. ఎనిమిది కుక్కల్లో ఒక్కటే బతికింది, అదీ రెండున్నర నెలల తర్వాత ప్రయోగశాల నుంచి పారిపోయింది. అసలు సంగతి 1893లో ఇవాన్ పావ్లోవ్ బృందం బయటపెట్టింది. గంట మోగితే లాలాజలం ఊరే కుక్కల ప్రయోగంతో మనకు తెలిసిన పావ్లోవే ఈయన. శస్త్రచికిత్స అయిన కుక్కలకు మాంసం పెడితే అవి రెచ్చిపోయి, తూలి, చూపు మందగించి, చివరకు స్పృహ తప్పేవి. పాలతో అంత ప్రమాదం ఉండేది కాదు. ప్రొటీన్ విరిగినప్పుడు పేగులో పుట్టే అమోనియాను కాలేయం యూరియాగా మార్చకపోతే అది మెదడుకు చేరుతుందన్న అవగాహనకు పునాది అక్కడ పడింది.

అమోనియాలో పెద్ద వాటా బ్యాక్టీరియా పని అని రోగుల్లో తేల్చిన వారిలో లండన్ వైద్యురాలు షీలా షెర్లాక్ ముఖ్యురాలు. సిర్రోసిస్ (కాలేయం నారకట్టి గట్టిపడే జబ్బు) రోగులకు మెథియోనిన్ అనే ఆమైనో ఆమ్లాన్ని నోటి ద్వారా ఇస్తే మతి తప్పుతోందనీ, దానితో క్లోర్‌టెట్రాసైక్లిన్ కలిపి ఇస్తే ఆ ప్రమాదం తప్పుతోందనీ 1956లో ఆమె బృందం ప్రకటించింది. విషం మెథియోనిన్‌లో లేదు, పేగులోని బ్యాక్టీరియా దాన్ని ఏం చేస్తోందన్న దాంట్లో ఉంది. ఆ క్లోర్‌టెట్రాసైక్లిన్ మరేదో కాదు, 1948లో ఆరియోమైసిన్ పేరుతో లోకానికి పరిచయమైన మందే. దాన్ని కనుగొన్నది బెంజమిన్ డగ్గర్. ఆయన పనిచేసిన లెడర్లీ సంస్థలో పరిశోధనలు నడిపించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. పేగుకూ కాలేయానికీ ఉన్న బంధాన్ని రుజువు చేసిన తొలి సాధనాల్లో ఒకటి ఆయన నాయకత్వంలో వచ్చిందని తెలుగు పాఠకులు గుర్తుపెట్టుకోవాలి.

1966లో ఈ జబ్బుకు మందుగా వచ్చిన లాక్టులోజ్ అదే తర్కాన్ని ఇంకో మెట్టు ఎక్కించింది. ఇది మన పేగు అరిగించుకోలేని చక్కెర. పెద్దపేగుకు చేరాక బ్యాక్టీరియా దాన్ని తిని ఆమ్లాలు విడుదల చేస్తుంది. ఆ పులుపులో అమోనియా రక్తంలోకి ఎక్కలేని రూపానికి మారి, విరేచనంతో బయటికి పోతుంది. ఇప్పటికీ సిర్రోసిస్ రోగి ఉన్న ఇంట్లో ఆ తియ్యటి సిరప్ సీసా తప్పనిసరిగా కనిపిస్తుంది. అది మలబద్ధకం మందేగా అని ఆపేసి, రెండు రోజుల్లో రోగి మనుషుల్ని గుర్తుపట్టలేని స్థితికి చేరడం వైద్యులు తరచూ చూసే విషయం. ఈ సిరప్‌తోపాటు 2010 నుంచి రిఫాక్సిమిన్ విరివిగా వాడుకలోకి వచ్చింది. ఇది పేగు దాటి రక్తంలోకి పెద్దగా పోని యాంటీబయాటిక్.

పేగు గోడ

పేగులో ఉండే బ్యాక్టీరియా లెక్క 38 లక్షల కోట్లని 2016 నాటి అంచనా. మన ఒంటి కణాల సంఖ్యతో అది ఇంచుమించు సమానం. అన్నీ కలిపి తూచినా 200 గ్రాములకు అటూ ఇటూ ఉంటాయి. ఇంత జనాభాకూ మన రక్తానికీ మధ్య ఉన్నది ఒకే ఒక్క వరస కణాల గోడ, దాని మీద జిగట పొర. కణాల మధ్య సందులను బిగించే ప్రొటీన్లు కావలి కాస్తాయి. ఆ బిగువు సడలితే బ్యాక్టీరియా ముక్కలు, ముఖ్యంగా ఎండోటాక్సిన్ అనే గోడ పదార్థం, పోర్టల్ సిరలోకి జారతాయి.

కాలేయంలో వాటిని పట్టుకునే కణాలకు కుప్ఫర్ కణాలని పేరు. ఎండోటాక్సిన్‌ను గుర్తుపట్టే గ్రాహకం టీఎల్‌ఆర్–4. ఇది ఆ పని చేస్తుందని 1998లో చూపినందుకు బ్రూస్ బాయిట్లర్ 2011లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. కొద్దిపాటి ఎండోటాక్సిన్ రోజూ వచ్చేదే, కాలేయం దాన్ని చడీచప్పుడూ లేకుండా తుడిచేస్తుంది. రాక పెరిగి నెలలూ ఏళ్లూ ఆగకపోతే వాపు నిలిచిపోతుంది. ఆ వాపు సంకేతాలకు స్పందించి నక్షత్రాకార కణాలు నారలాంటి పదార్థాన్ని పేరుస్తాయి. అదే ఫైబ్రోసిస్. ముదిరితే సిర్రోసిస్.

గోడను కాపాడేది పీచు. పప్పుల్లో, ఆకుకూరల్లో, పొట్టు తీయని ధాన్యాల్లో ఉండే పీచును మనం అరిగించుకోలేం. పెద్దపేగు బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి అసిటేట్, ప్రొపియోనేట్, బ్యుటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలు ఇస్తుంది. వీటిలో బ్యుటిరేట్ పెద్దపేగు కణాలకు ప్రధాన ఇంధనం. పీచు అందకపోతే బ్యాక్టీరియా ఊరికే పస్తుండదు. కొన్ని జాతులు జిగట పొరనే తినడం మొదలుపెడతాయని 2016లో ఎలుకల మీద చేసిన ప్రయోగం చూపింది. తిండి పెట్టకపోతే కాపలావాళ్లే ఇంటి తలుపులు పీక్కుతిన్నట్టు.

మద్యం చేసే హాని ఇంకా సూటిగా ఉంటుంది. అది, దాన్నుంచి పుట్టే ఎసిటాల్డిహైడ్, రెండూ కణాల మధ్య బిగువును సడలిస్తాయి. పేగు జాతుల పొత్తు కూడా చెదిరిపోతుంది. మద్యం వల్ల కాలేయం తీవ్రంగా వాచిన కొందరి పేగుల్లో ఎంటరోకాకస్ ఫీకాలిస్ అనే బ్యాక్టీరియా ఉంటోంది, అది సైటోలైసిన్ అనే విషాన్ని స్రవిస్తోంది. ఆ విషం కనిపించిన రోగుల్లో మరణాలు ఎక్కువని శాన్‌డియాగోలోని బెర్న్డ్ ష్నాబ్ల్ బృందం 2019లో నేచర్ పత్రికలో ప్రకటించింది. ఆ బ్యాక్టీరియాను మాత్రమే చంపే వైరస్‌లను ఎలుకలకు ఇస్తే కాలేయం కోలుకుంది. అంటే ఒకే మోతాదు తాగిన ఇద్దరిలో ఒకరి కాలేయం ముందు పాడవడానికి వారి పేగుల్లో ఉన్న తేడా కూడా ఒక కారణం కావచ్చు. దీన్ని అడ్డం పెట్టుకుని ‘నాకేం కాదు’ అనుకోవడానికి మాత్రం వీల్లేదు. ఎవరి పేగులో ఏముందో సీసా ఎత్తేవాడికి తెలియదు.

పైత్యరసం

కాలేయం నుంచి పేగుకు వెళ్లే పెద్ద సరుకు పైత్యరసం. కొలెస్టరాల్ నుంచి కాలేయం పైత్య ఆమ్లాలను తయారుచేస్తుంది, అవి పేగులో కొవ్వును చెదరగొట్టి అరిగిస్తాయి. వాటిలో దాదాపు 95 శాతం చిన్నపేగు చివర మళ్లీ పీల్చుకోబడి, అదే పోర్టల్ సిర గుండా తిరిగి కాలేయానికి వస్తాయి. ఈ తిరుగుడు రోజుకు చాలాసార్లు జరుగుతుంది. తప్పించుకున్న కొద్ది భాగాన్ని బ్యాక్టీరియా డీఆక్సీకోలిక్, లిథోకోలిక్ ఆమ్లాలుగా మారుస్తుంది. పైత్య ఆమ్లాలు అరుగుదలకు సాయపడడంతో ఆగవు, హార్మోన్లలా సంకేతాలూ ఇస్తాయి. ఎఫ్‌ఎక్స్‌ఆర్ అనే గ్రాహకాన్ని తాకి, కొత్త పైత్య ఆమ్లం ఎంత తయారుచేయాలో, కాలేయంలో చక్కెరనూ కొవ్వునూ ఎలా నడపాలో నిర్ణయించడంలో పాలుపంచుకుంటాయి. మరోవైపు పైత్యరసం ఎక్కువైతే కొన్ని బ్యాక్టీరియా జాతులు బతకలేవు, తగ్గితే అవే విజృంభిస్తాయి. సిర్రోసిస్‌లో కాలేయం పైత్యరసం తక్కువగా ఇచ్చినప్పుడు పేగు జనాభా మారిపోవడానికి ఇదొక కారణం.

కొవ్వు పట్టిన కాలేయం

మద్యం ముట్టనివాళ్ల కాలేయం కూడా తాగుబోతు కాలేయంలా కనిపించడాన్ని 1980లో అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన యుర్గెన్ లుడ్విగ్ వర్ణించి, దానికి పేరు పెట్టాడు. 2023లో ఈ వర్గం జబ్బుల పేరు మార్చారు. ‘మద్యం వల్ల కానిది’ అని చెప్పే పాత పేరు పోయి, ఒంట్లో చక్కెర, కొవ్వు, బీపీల గాడి తప్పడాన్ని సూచించే మాస్ల్డ్ వచ్చింది. మన వాడుకలో మాత్రం ఇంకా ఫ్యాటీ లివరే. దేశవ్యాప్త ఆరోగ్య కార్యక్రమంలో ఈ జబ్బుకు భారత ప్రభుత్వం 2021లో చోటిచ్చింది. హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించినప్పుడు 84 శాతం మంది కాలేయాల్లో కొవ్వు ఎక్కువగా ఉన్నట్టు 2025లో సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో వచ్చింది. గంటల తరబడి కుర్చీలో కూర్చునే పని, వేళాపాళా లేని తిండి ఉన్న ఒక వర్గం లెక్క ఇది. ఊరందరికీ వర్తించకపోయినా తేలిగ్గా తీసుకోదగ్గది కాదు.

ఇందులో బ్యాక్టీరియా పాత్ర ఏమిటి? సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకలకు మామూలు ఎలుకల పేగు బ్యాక్టీరియా ఎక్కించగానే, అవి ముందుకన్నా తక్కువ తింటూ కూడా రెండు వారాల్లో ఒంటి కొవ్వును 60 శాతం పెంచుకున్నాయి. 2004లో సెయింట్ లూయీలోని జెఫ్రీ గోర్డన్ బృందం చూపిన ఈ ఫలితంతో ఈ రంగం ఊపందుకుంది. 2013లో మరో బృందం, కాలేయానికి కొవ్వు పట్టే ధోరణి కూడా పేగు బ్యాక్టీరియాతోపాటు ఒక ఎలుక నుంచి ఇంకో ఎలుకకు పోతుందని చూపింది. 2019లో చైనా శాస్త్రవేత్తలు, తాగకుండానే రక్తంలో ఆల్కహాల్ తేలే ఒక రోగి పేగులో, పిండిపదార్థాన్ని సారాగా మార్చే క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియాను గుర్తించారు. వారు పరీక్షించిన ఫ్యాటీ లివర్ రోగుల్లో చాలామందిలో అలాంటి జాతులే కనిపించాయి. పేగులోనే బట్టీ పెట్టుకున్నట్టన్న మాట.

ఫ్రక్టోజ్ సంగతి విడిగా చెప్పాలి. కొద్ది మోతాదులో తిన్న ఫ్రక్టోజ్‌ను చిన్నపేగే గ్లూకోజ్‌గా మార్చేస్తుంది. కూల్‌డ్రింక్‌లా ఒక్కసారిగా గుమ్మరిస్తే చిన్నపేగు చేతులెత్తేస్తుంది. మిగిలింది కాలేయానికీ పెద్దపేగు బ్యాక్టీరియాకూ పోతుంది. ఆ బ్యాక్టీరియా దాన్నుంచి అసిటేట్ తీస్తుందనీ, కాలేయం ఆ అసిటేట్‌తో కొవ్వు తయారుచేస్తుందనీ 2020లో ఎలుకల్లో తేలింది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. పీచు నుంచి వచ్చే మేలైన ఆమ్లాల్లోనూ అసిటేట్ ఉంది కదా? ఉంది. నెమ్మదిగా, బ్యుటిరేట్‌తో కలిసి, కొత్త కొవ్వు తయారుచేయమని కాలేయాన్ని రెచ్చగొట్టని భోజనంలో వస్తే ఒక ఫలితం, చక్కెర వరదతో వస్తే ఇంకో ఫలితం. ఒక పదార్థాన్ని విడదీసి ఇది మంచిది, ఇది చెడ్డదని ముద్ర వేసే అలవాటు ఈ విషయంలో పనికిరాదు. బత్తాయి పండు తినడం, దాని రసం వడకట్టి చక్కెర వేసి గ్లాసెడు తాగడం ఒకటి కావు.

కొవ్వు పట్టిన కాలేయం బొద్దుగా ఉన్నవాళ్లకే వస్తుందనుకోవడం పొరపాటు. తిండి చాలని పిల్లలకు వచ్చే క్వాషియోర్కర్‌లో కాళ్లు వాచి, కాలేయం కొవ్వుతో ఉబ్బుతుంది. ఈ జబ్బు మీద మన దేశంలో విస్తృతంగా పనిచేసిన సి. గోపాలన్ తర్వాత హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థను నడిపారు. 2013లో గోర్డన్ బృందం మలావీలోని 317 కవల జంటలను పరిశీలించింది. ఒకే ఇంట్లో ఒకే తిండి తిన్న కవలల్లో ఒకరికి క్వాషియోర్కర్ వచ్చి మరొకరికి రాని సందర్భాలున్నాయి. జబ్బు పడ్డ బిడ్డ పేగు బ్యాక్టీరియాను, ఆ ఊరి పేలవమైన తిండితో కలిపి, ఎలుకలకు ఇచ్చినప్పుడు అవి చిక్కిపోయాయి. తిండి ఒక్కటే కారణం కాదు, బ్యాక్టీరియా ఒక్కటే కాదు. రెండూ కలిసినప్పుడే దెబ్బ తగిలింది.

తెలుగువారి కంచం

తెలుగు భోజనం క్రమం చూస్తే పీచుకు లోటుండే అవకాశం లేదు. పప్పు, కూర, పులుసు, పచ్చడి, పెరుగు అన్నీ అందులో ఉన్నాయి. లోటు పాళ్లలో వచ్చింది. పాలిష్ పట్టిన తెల్లన్నం గుట్టగా పెరిగింది, పక్కనున్నవన్నీ నంజుకునే స్థాయికి కుంచించుకుపోయాయి. రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మూడు పూటలా అన్నం, టిఫిన్లతో గడిపే ఇంట్లో ఆ లెక్క ఎంత తప్పుతుందో ఎవరికి వారు కంచం చూసుకుంటే తెలుస్తుంది. రాయలసీమ రాగి సంకటి, తెలంగాణ జొన్న రొట్టె, ఉలవచారు, తోటకూర, గోరుచిక్కుడు లాంటివి పేగు బ్యాక్టీరియాకు నిజమైన మేత.

చద్దన్నం గురించి ఇప్పుడు చాలా ప్రచారం జరుగుతోంది. వండిన అన్నం చల్లారితే అందులోని పిండిపదార్థం కొంత అరగని రూపానికి మారుతుందన్నది నిజం. అది పెద్దపేగుకు చేరి పీచులా పనిచేస్తుంది. రాత్రంతా నానితే లాక్టిక్ ఆమ్లం ఇచ్చే బ్యాక్టీరియా కూడా పెరుగుతుంది. 2023లో చైనాలో 200 మంది ఫ్యాటీ లివర్ రోగుల మీద జరిగిన పరీక్షలో అరగని పిండిపదార్థం ఇచ్చినవాళ్లకు నాలుగు నెలల్లో కాలేయం కొవ్వు తగ్గింది. అయితే అక్కడ ఇచ్చింది రోజుకు 40 గ్రాముల మొక్కజొన్న పిండిపదార్థం. ఒక గిన్నె చద్దన్నంలో అందేది దాని దరిదాపుల్లో కూడా ఉండదు. కాబట్టి చద్దన్నం మంచి అలవాటే, మందు మాత్రం కాదు. ఇడ్లీ, దోసెల్లోని బ్యాక్టీరియా ఆవిరికీ పెనం వేడికీ చచ్చిపోతుంది. బతికి పేగుకు చేరే అవకాశం పెరుగు, మజ్జిగ, చద్దన్నం లాంటి వాటిలో ఉన్నదానికే.

కాఫీ తాగేవాళ్లలో కాలేయం గట్టిపడడం, కాలేయ క్యాన్సర్ తక్కువని పలు దేశాల పరిశీలనలు ఒకే మాట చెబుతున్నాయి. చిక్కటి పాలు, రెండు చెంచాల చక్కెరతో రోజుకు నాలుగు సార్లు తాగే ఫిల్టర్ కాఫీకి ఆ మేలును ఆపాదించే ముందు ఆ చక్కెరను లెక్కలో వేసుకోవాలి.

చికిత్సలు

ఫ్యాటీ లివర్‌లో అన్నిటికన్నా బలమైన సాక్ష్యం బరువు తగ్గడానికే ఉంది. క్యూబాలో 293 మందిని ఏడాదిపాటు ఆహార, వ్యాయామ మార్పులతో అనుసరించి, కాలేయం ముక్క తీసి చూశారు. పది శాతం, ఆపైన బరువు తగ్గినవాళ్లలో 90 శాతం మందికి కాలేయ వాపు పోయింది, 45 శాతం మందిలో గట్టిదనం కూడా తగ్గింది. 2015లో వచ్చిన ఈ ఫలితం ముందు ఏ ప్రోబయాటిక్ (మేలుచేసే బ్యాక్టీరియా) గుళికా నిలవదు. మందుల దుకాణాల్లో కాలేయానికని అమ్మే ప్రోబయాటిక్‌ల మీద పెట్టే డబ్బు కూరగాయల మీద పెడితే మేలని చెప్పడానికి వెనకాడనక్కర్లేదు.

ప్రోబయాటిక్‌లకు గట్టి చోటు ఉన్నది సిర్రోసిస్‌లోనే, అదీ పరిమితంగా. మతి తప్పే దశ ఒకసారి దాటిన రోగులకు చండీగఢ్ పీజీఐ వైద్యులు ఆరు నెలలు బహుళ జాతుల ప్రోబయాటిక్ ఇచ్చి, ఆస్పత్రి పాలయ్యే అవసరం తగ్గిందని 2014లో ప్రకటించారు. ఆరోగ్యవంతుడి మలం నుంచి బ్యాక్టీరియాను రోగి పేగుకు మార్చే చికిత్సనూ ప్రయత్నిస్తున్నారు. ఢిల్లీలోని కాలేయ, పైత్య శాస్త్రాల సంస్థ దీన్ని తీవ్ర మద్య కాలేయ వాపు ఉన్న ఎనిమిది మందిపై ప్రయోగించి 2017లో ఆశాజనక ఫలితాలు చూపింది. అదే ఏడాది అమెరికాలో జస్మోహన్ బజాజ్ బృందం మతి తప్పే సిర్రోసిస్ రోగుల్లో ప్రయత్నించింది. రెండూ చిన్న పరీక్షలే. 2019లో అమెరికాలో ఒకే దాత మలం అందుకున్న ఇద్దరికి మందులకు లొంగని ఈ.కోలై బ్యాక్టీరియా సోకింది. వారిలో ఒకరు సిర్రోసిస్ రోగి. రెండో వ్యక్తి చనిపోయాడు. దాతలను జల్లెడ పట్టే నియమాలు ఆ తర్వాత కఠినమయ్యాయి.

పత్యం

పావ్లోవ్ కుక్కల పాఠం వైద్యులకు ఎంత లోతుగా నాటుకుందంటే, సిర్రోసిస్ రోగికి ప్రొటీన్ తగ్గించమనడం దశాబ్దాలపాటు రివాజైంది. మన ఇళ్లలో అది కామెర్ల పత్యంతో కలిసిపోయింది. పప్పు వద్దు, గుడ్డు వద్దు, నూనె వద్దు, చప్పిడి అన్నం, మజ్జిగ చాలు. అప్పటికే కండ కరిగిపోయిన మనిషికి ఈ పత్యం పెట్టడం ఎంతటి అన్యాయమో 2004లో బార్సిలోనా వైద్యులు చేసిన పరీక్ష తర్వాత తెలిసింది. మతి తప్పిన రోగులకు ప్రొటీన్ కోసి పెట్టినా, మామూలుగా పెట్టినా కోలుకోవడంలో తేడా లేదు. కోసిన వాళ్లలో కండ మాత్రం ఎక్కువ కరిగింది. అమోనియాను ఇముడ్చుకునే రెండో చోటు కండే. కండ పోతే కాలేయం మీద భారం ఇంకా పెరుగుతుంది.

ఇప్పటి మార్గదర్శకాల ప్రకారం సిర్రోసిస్ రోగికి కిలో బరువుకు రోజూ 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి. మాంసం కన్నా పాలు, పెరుగు, పప్పులు వాళ్లకు బాగా పడతాయి. పప్పులోని పీచు పేగును కదిలించి, నత్రజనిని బ్యాక్టీరియా ఒంట్లోకి చేర్చి మలంతో బయటికి పంపేస్తుంది. పావ్లోవ్ కుక్కలు పాలతో తట్టుకున్నాయన్న విషయం ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఇంకొకటి. సిర్రోసిస్ ఉన్నవాళ్లకు ఒక్క రాత్రి కడుపు ఖాళీగా ఉండడం, ఆరోగ్యవంతుడు రెండు మూడు రోజులు పస్తున్నంత పని చేస్తుంది. కాలేయంలో చక్కెర నిల్వ ఉండదు కనుక ఒళ్లు కండను కరిగించుకుంటుంది. అందుకే వైద్యులు పడుకోబోయే ముందు ఏదో ఒకటి తినమంటున్నారు. గ్లాసెడు పాలు, గుప్పెడు వేయించిన శనగలు, లేదా చిన్న గిన్నెలో పెసరపప్పు వేసిన కిచిడీ, ఏదైనా సరే, పదింటికి.